బండి పక్కకి లాగుతోందా? అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించే ముందు ఒకసారి జాకీ ఎక్కించండి

పాత కారు ఉండేవాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, "అలైన్‌మెంట్ పోయిందబ్బా" అనే మాట వచ్చి తీరుతుంది. స్టీరింగ్ వణికినా అలైన్‌మెంటే, బండి ఎడమకి పోయినా అలైన్‌మెంటే, టైరు ఒక పక్క తినేసినా అలైన్‌మెంటే, ఆఖరికి గుంతలో పడినప్పుడు టక్కు టక్కుమని సౌండ్ వచ్చినా దానికీ అదే పేరు. నేరుగా పోయి మిషన్ ఎక్కిస్తారు, స్క్రీన్ మీద ఎర్రగా ఉన్న నంబర్లు పచ్చగా మారతాయి, డబ్బులు కట్టి వచ్చేస్తారు, ఓ వారం బాగుంటుంది, మళ్లీ మొదలు. ఆ షాపోడు మోసం చేశాడు అనుకుని ఇంకో షాపుకి పోతారు, ఆడ కూడా ఇదే కథ.

ఆ వారంలోనే గుట్టంతా ఉంది. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడాలో ఆ కొలతలు, అంతే. టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) మీద ఉండే లాక్ నట్టు గట్టిగా బిగించి ఉంటే ఆ కొలత దానంతట అది మారదు. మారింది అంటే ఏదో ఒకటి వంగుండాలి, అరిగుండాలి, స్ప్రింగ్ కుంగిపోయుండాలి, లేదా ఎవరో చెయ్యి పెట్టుండాలి. పదిహేనేళ్లు దాటిన బండిలో ఎక్కువసార్లు అరుగుదలే. అరిగిన జాయింట్లు అట్లాగే పెట్టుకుని అలైన్‌మెంట్ చేయించడం అంటే కాళ్లు ఊగే మంచాన్ని సమం చేసినట్టు, కొలిచిన నిమిషం సరిగ్గానే ఉంటుంది, ఎవరైనా కూర్చోగానే మళ్లీ పక్కకి ఒరుగుతుంది.

అసలు ఆ మిషన్ ఏం కొలుస్తుందో కాస్త చూద్దాం, పేర్లు వినేసి భయపడాల్సిన పని లేదు, మూడే మూడు కోణాలు.

మొదటిది టో. బండిని పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ సమాంతరంగా ఉన్నాయా, ముందువైపు లోపలికి మూసుకున్నాయా, బయటికి తెరుచుకున్నాయా అనేది. లోపలికి ఉంటే టో ఇన్, బయటికి ఉంటే టో ఔట్. టైరుని నున్నగా తినేసేది ఎక్కువగా ఇదే. ఎంత తింటుందో లెక్క కట్టి చూడండి: పాత ఆల్టో, మారుతీ 800 టైరు అడ్డంగా దాదాపు అర మీటరు ఉంటుంది, రెండు చక్రాలకీ కలిపి టో 5 మిల్లీమీటర్లు తప్పిందంటే ఒక్కో చక్రం వాటా రెండున్నర మిల్లీమీటర్లు, అంటే ప్రతి అర మీటరు దొర్లుడికి రెండున్నర మిల్లీమీటర్లు పక్కకి ఈడ్చుకుంటా పోతుంది. కిలోమీటరుకి 5 మీటర్లు. తిరుపతి నుంచి చిత్తూరుకి సుమారు 70 కిలోమీటర్లు అనుకుంటే ఒక్క ట్రిప్పులో టైరుని తారు రోడ్డు మీద 350 మీటర్లు అడ్డంగా గీకినట్టు. కొత్త టైర్లు వేసి ఆర్నెల్లు కాకముందే లోపల తీగ కనిపించింది అని ఎవరైనా చెప్తే నమ్మండి, జరుగుతుంది.

రెండోది కాంబర్. బండికి ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా ఉందా, పైభాగం లోపలికి వాలిందా, బయటికి వాలిందా అనేది. లోపలికి వాలితే నెగటివ్, బయటికి వాలితే పాజిటివ్. కాంబర్ ఎక్కువైతే టైరు ఒక అంచునే తింటుంది, ఇంకో సంగతి ఏందంటే రెండు పక్కలా కాంబర్ తేడాగా ఉంటే బండి ఎక్కువ పాజిటివ్ ఉన్న పక్కకి లాగుతుంది. మామూలుగా రెండు పక్కల మధ్య అర డిగ్రీ దాటి తేడా ఉంటే అనుమానించాల్సిందే.

మూడోది కాస్టర్, దీన్ని పక్కనుంచి చూడాలి. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ గీత చుట్టూ పక్కకి తిరుగుతుందో ఆ గీత పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది, ఆ వాలు వల్లే మలుపు తిప్పినాక స్టీరింగ్ వదిలేస్తే దానంతట అది మధ్యకి వస్తుంది. కాస్టర్ టైరుని పెద్దగా తినదు, కానీ తగ్గితే హైవే మీద బండి నిలకడగా పోదు, రెండు పక్కలా తేడా వస్తే తక్కువ కాస్టర్ ఉన్న పక్కకి లాగుతుంది.

ఇప్పుడు చాలామందికి తెలియని ముక్క: మన పాత మారుతీలు, సాంత్రోలు లాంటి స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండే నిలువు కాలు) బండ్లలో మామూలుగా తిప్పి సరిచేయగలిగేది టో ఒక్కటే. కాంబర్, కాస్టర్ కంపెనీలో తయారైనప్పుడు ఎట్లా కుదిరాయో అట్లాగే ఉండాలి, వాటికి వేరే స్క్రూలు, నట్లు ఉండవు (స్ట్రట్టుకీ, చక్రాన్ని పట్టుకుని ఉండే నకిల్‌కీ మధ్య ఉండే రెండు బోల్టుల్లో ఉండే కొంచెం సందు తప్ప). అందుకే కాంబర్ తేడా చూపిస్తే దాన్ని "అడ్జస్ట్ చేస్తాం" అనే మాట వినగానే ఆగి ఎట్లా చేస్తారన్నా అని అడగండి. కొన్ని చోట్ల హైడ్రాలిక్ ప్రెస్ పెట్టి స్ట్రట్టుని తోసి వంచుతారు. స్క్రీన్ పచ్చగా మారుతుంది, నిజమే, కానీ కాంబర్ ఎందుకు తప్పింది అనేది ఎవరూ చూడలేదు, పైగా బాగున్న ముక్కని కూడా వంచి పెట్టారు. లోపల రాడ్డు వంగితే షాక్ అబ్సార్బర్ ఆయిల్ కారడం మొదలవుతుంది, అప్పుడు స్ట్రట్ మార్చాల్సి వస్తుంది. నా మటుకు నేను వద్దనే అంటా. పాత జీపుల కథ వేరు, వాటికి ముందు కూడా ఒకటే ఇరుసు, పట్టీల స్ప్రింగులు, అందులో కాస్టర్ కావాలంటే ఇరుసుకీ పట్టీలకీ మధ్య వాలుగా ఉండే బిళ్ల పెడతారు, దాని గురించి ఇంకోసారి.

సరే, రోగం ఎట్లా పట్టుకోవాలి? ముందు లక్షణాలు విడదీయాలి, అన్నీ కలిపేసి మెకానిక్ మీద పోస్తే ఆయన కూడా అలైన్‌మెంట్ అనే అంటాడు.

వణుకు సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే ఇది సులువు. 70, 80 స్పీడులో స్టీరింగ్ సన్నగా వణికి, స్పీడు పెంచినా తగ్గించినా ఆగిపోతే అది అలైన్‌మెంట్ కాదు, వీల్ బ్యాలెన్సింగ్, లేదా డిస్కు (టైరు ఎక్కించే రిమ్ము) బెండు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేక్ డిస్కులు చూడాలి. నెమ్మదిగా పోతున్నప్పుడే స్టీరింగ్ అటూ ఇటూ ఊగుతా ఉంటే టైరు లోపల పొర ఊడిందేమో అని అనుమానం, పక్కన ఎక్కడైనా బుడిపె లేచిందేమో చేత్తో తడిమి చూడండి, ఉంటే ఆ టైరుతో ఘాట్ ఎక్కొద్దు. టైరు పక్కన డాట్ (DOT) అని ఉండే వరసలో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం, 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని. అప్పుడప్పుడూ తిరిగే బండికి గాడి నిండుగానే ఉంటుంది గానీ రబ్బరు వయసు కిలోమీటర్లని బట్టి పోదు, మన ఎండలకి ఇంకా తొందరగా పోతుంది.

లాగడం మాత్రం నిదానంగా చూడాల్సిన సంగతి. మొదటి మాట, మనం ఎడమ పక్క నడుపుతాం, వాన నీళ్లు పోవడానికి రోడ్డు అంచుకి వాలుగా వేస్తారు కాబట్టి స్టీరింగ్ వదిలితే ఏ బండైనా మెల్లగా ఎడమకి జారుతుంది. అది రోగం కాదు. కుడికి లాగితే మాత్రం వాలుకి ఎదురుగా పోతా ఉందన్నమాట, అప్పుడు ఇంక అనుమానం అక్కర్లేదు, బండిలోనే ఏదో ఉంది. కొలవాలంటే రేణిగుంట వైపు పొద్దున్నే ఖాళీగా ఉండే మంచి రోడ్డు ఏదైనా చూసుకుని 50 స్పీడులో చేతులు స్టీరింగ్‌కి తగిలీ తగలనట్టు పెట్టుకుని చూడండి, పూర్తిగా వదిలేసి వీడియోలు తీసుకోవద్దు.

రెండో మాట, లాగడానికి టో కారణం కావడం తక్కువ. వినడానికి వింతగా ఉంటుంది గానీ ఆలోచించండి, ముందు చక్రాలు రెండూ టై రాడ్లతో ఒకే ర్యాక్‌కి (స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ల కడ్డీ) కట్టి ఉంటాయి, ఒకటి ఎక్కువ వంకరగా ఉంటే బండి కదలగానే రెండూ తేడాని సమానంగా పంచుకుంటాయి, బండి నేరుగానే పోతుంది కానీ స్టీరింగ్ వీల్ మాత్రం వంకరగా నిలబడుతుంది. కాబట్టి బండి నేరుగా పోతూ స్టీరింగ్ వంకరగా ఉంటే అది ఎక్కువసార్లు టో. స్టీరింగ్ నేరుగా పట్టుకుంటే బండి పక్కకి పోతా, చేతికి బరువు తెలుస్తా ఉంటే అది వేరే. ఈ రెండింటినీ కలపొద్దు, సగం డబ్బులు ఇక్కడే పోతాయి.

లాగుతోంది అని తేలినాక మిషన్ దగ్గరికి పోయే ముందు మూడు పనులు ఇంట్లోనే అవుతాయి. పొద్దున్నే బండి తీయకముందు గాలి చూసుకోండి, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంత, రెండు పక్కలా సమానం. ముందు ఒక పక్క ఒక కంపెనీ టైరు, ఇంకో పక్క వేరే కంపెనీది, అదీ ఎప్పుడో పంచర్ పడినప్పుడు స్టెప్నీ వేసి మర్చిపోయింది, ఇట్లాంటి బండ్లు మన ఊళ్లో కోకొల్లలు. తర్వాత ముందు టైర్లు రెండూ ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి (తిరిగే దిక్కు బాణం గుర్తు ఉన్న టైర్లయితే వద్దు). లాగుడు దిక్కు మారిందా, అయితే రోగం టైరులో ఉంది, రేడియల్ టైరులో లోపలి పొర కొంచెం పక్కకి అతుక్కుంటే అది దొర్లినప్పుడు శంఖంలా ఒక పక్కకే పోతుంది, మిషన్‌లో ఇది కనిపించదు. దిక్కు మారలేదా, టైరుని వదిలేసి ముందుకి పోండి.

మూడోది బ్రేకు. పాత బండిలో క్యాలిపర్ (బ్రేక్ డిస్కుని నొక్కే ముక్క) పిన్నులు తుప్పు పట్టి ఒక పక్క బ్రేకు పట్టుకునే ఉంటుంది, అచ్చం అలైన్‌మెంట్ లాగే అనిపిస్తుంది. సాఫు రోడ్డు మీద బ్రేకు తక్కువ వాడుతూ ఓ పది కిలోమీటర్లు పోయి ఆపి, చక్రం డిస్కు మధ్యలో తాకకుండా దగ్గరగా అరచెయ్యి పెట్టి చూడండి, ఒక పక్క సెగ ఎక్కువ కొడితే దొరికినట్టే. ఈ పరీక్ష తిరుమల కొండ దిగి అలిపిరిలో ఆపి చేయొద్దు, ఆ దిగుడుకి రెండు పక్కలా కాలిపోయే ఉంటాయి, ఏమీ తెలీదు, చెయ్యి కాలడం తప్ప.

ఘాట్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తా, తిరుమల దిగే పాత ఘాట్ రోడ్డు, అదే 1944లో వేసిన మొదటిది, దాన్ని మించిన పరీక్ష ఏ మిషన్‌లోనూ లేదు. 40 నిమిషాల కన్నా ముందు కిందకి చేరకూడదని టైమ్ పెట్టారు కాబట్టి ఎట్లాగూ నిదానంగానే దిగుతారు, ఆ నిదానంలో స్టీరింగ్ మాట వినండి. హెయిర్‌పిన్ తిప్పినాక పట్టు కొంచెం సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావాలి. రెండు దిక్కులా ఒకే రకంగా రావాలి. కుడి మలుపు తర్వాత చక్కగా వచ్చి, ఎడమ మలుపు తర్వాత మొరాయిస్తే కాస్టర్ తేడా అయినా ఉండాలి, స్ట్రట్ పైన ఉండే మౌంట్ బేరింగ్ అయినా పట్టేసి ఉండాలి. బేరింగ్ పట్టేస్తే ఇంకో గమ్మత్తు జరుగుతుంది, కుడికి తిప్పి వచ్చినాక బండి కాసేపు కుడికే లాగుతుంది, ఎడమకి తిప్పి వస్తే ఎడమకి. ఇట్లా దిక్కు మార్చుకునే లాగుడుని ఏ అలైన్‌మెంటూ సరిచేయదు. ఇంటికి వచ్చినాక బానెట్ ఎత్తి స్ట్రట్ టవర్ (స్ట్రట్ పైభాగం బాడీకి బిగించి ఉండే చోటు) మీద వేలు పెట్టి ఇంకొకరిని స్టీరింగ్ తిప్పమనండి, గర్రుమని ఆగి ఆగి తిరుగుతుంటే తెలిసిపోతుంది.

ఇంక దిగేటప్పుడు బ్రేకు తొక్కితేనే పక్కకి పోతా, వదిలితే సరిగ్గా ఉంటే, అది బ్రేకు కావచ్చు, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే ముక్క) బుష్ కావచ్చు. ఈ బుష్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి ఎందుకంటే పాత చిన్న బండ్లలో సగం తలనొప్పి ఇదే. బ్రేకు తొక్కగానే రోడ్డు చక్రాన్ని వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుని ఆపేది ఆ రబ్బరు బుష్. అది చీలిపోతే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, దాంతో కాస్టర్, టో రెండూ ఆ క్షణానికి మారతాయి, బ్రేకు వదలగానే మళ్లీ చోటుకి వస్తుంది. మిషన్ మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది కదా, అప్పుడు కొలతలన్నీ పచ్చగానే! మారుతీ 800లో అయితే ముందు అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్ కూడా ఆర్మ్‌ని ముందు వెనక్కి కదలకుండా పట్టే పని చేస్తుంది, దాని చివర బుష్‌లు అరిగితే సౌండే కదా అని వదిలేస్తారు, కానీ కాస్టర్ దాని మీదే ఆధారపడి ఉంది. జత బుష్‌ల ఖరీదు టైరు ఖరీదు ముందు లెక్కలోకే రాదు.

ఇప్పుడు జాకీ. గట్టి నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, ముందు ఒక పక్క లేపండి, పక్కనే బాడీ కింద స్టెప్నీ పడుకోబెట్టండి, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. కిందకి దూరొద్దు, దూరాల్సిన పని కూడా లేదు. గడియారంలో 12, 6 ఉండే చోట చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పైన తోసి కింద లాగండి. ఆడుతోందా? అయితే లోపల ఉన్న వాళ్లని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట ఆగిపోతే వీల్ బేరింగ్, తొక్కినా ఆడుతుంటే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌నీ నకిల్‌నీ కలిపే జాయింట్). తర్వాత 9, 3 దగ్గర పట్టుకుని అట్లాగే అడ్డంగా ఆడించండి, ఇక్కడ ఆడితే టై రాడ్ ఎండ్ (టై రాడ్ చివర చక్రం దగ్గరుండే జాయింట్), లేదా ర్యాక్.

మా బావకి 2004 ఆల్టో ఉంది, ఇంట్లోంచి అమ్మనివ్వడు, ఆ బండి మీద ఆయనకి అంత ప్రేమ. ముందు ఎడమ టైరు లోపలి అంచు తింటా ఉంది అని మూడు చోట్ల అలైన్‌మెంట్ చేయించాడు. జాకీ మీద పట్టి ఆడిస్తే ఏమీ తెలియలేదు, గట్టిగానే ఉంది. అప్పుడు బండిని దించి, చక్రాలు నేల మీద ఉండగానే అక్కని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం, అంటే గంటల ముల్లు జరిగినంత, టకటకా ఆడించమన్నాం. "ఏంది బావా, మీ ఇద్దరికీ వేరే పనే లేదా" అని తిట్టుకుంటానే ఆడించింది. నేను చక్రం వెనక చెయ్యి పెట్టి టై రాడ్ ఎండ్‌ని వేళ్లతో చుట్టి పట్టుకున్నా. రాడ్డు కదిలినాక ఒక వెంట్రుక వాసి ఆగి అప్పుడు జాయింట్ కదులుతోంది, వేళ్ల కింద టిక్కు టిక్కుమని తెలిసిపోయింది. దాని రబ్బరు బూటు వెనక పక్క, మనకి కనపడని పక్క, చీలి ఉంది, లోపల గ్రీజు ఎర్రమట్టి కలిసి బెల్లం పాకం ముదిరినట్టు గట్టిపడింది. బరువు నేల మీద ఉంటేనే ఈ ఆట బయటపడుతుంది, చాలా షాపుల్లో దీనికి ఓపిక ఉండదు ఎందుకంటే ఇద్దరు మనుషులు కావాలి. పవర్ స్టీరింగ్ ఉంటే ఇంజిన్ ఆన్‌లో చెయ్యాలి, అప్పుడు మాత్రం న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ రెండూ సరిచూసుకుని చెయ్యి పెట్టండి, స్టీరింగ్ ఎక్కువ తిప్పనివ్వొద్దు. టై రాడ్ ఎండ్ గట్టిగా ఉంటే ర్యాక్‌కి పక్కన ఉండే ముడతల రబ్బరు బూటుని నొక్కి పట్టుకుని ఇదే చేస్తే లోపలి జాయింట్ సంగతి కూడా తెలుస్తుంది.

టైరు చదవడం ఇంకో విద్య, అది కూడా కష్టమేమీ కాదు. గాడుల మీద అరచెయ్యి అడ్డంగా లోపలి నుంచి బయటికి, తర్వాత బయటి నుంచి లోపలికి నిమరండి. ఒక దిక్కు నున్నగా, ఇంకో దిక్కు రంపం పళ్లలా గరుకుగా తగిలితే అది టో. టో ఇన్ ఎక్కువైతే బయటి అంచు, టో ఔట్ అయితే లోపలి అంచు ఎక్కువ పోతుంది. గరుకు లేకుండా ఒక అంచు మాత్రం నున్నగా అరిగితే కాంబర్. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. అక్కడక్కడా గుంతలు గుంతలుగా తింటే షాక్ అబ్సార్బర్లు లేదా బ్యాలెన్సింగ్. కానీ ఇవి పుస్తకం మాటలు, మన దగ్గర ఒక మినహాయింపు ఉంది: రోజూ కొండకి ట్రిప్పులు కొట్టే టాక్సీలకి, మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ మీద ఎప్పుడూ తిరిగే బండ్లకి ముందు టైర్ల బయటి అంచులు ఎట్లాగూ ఎక్కువ అరుగుతాయి, మలుపులో బరువంతా ఆ అంచు మీద పడుతుంది కాబట్టి. అట్లాంటి బండికి టైరు చూసి టో ఇన్ ఎక్కువైంది అని తిప్పేస్తే ఇప్పుడు లోపలి అంచు కూడా మొదలవుతుంది. బండి ఎక్కడ తిరుగుతుందో షాపులో చెప్పండి, వాళ్లకి కొండ ట్రిప్పులు అంటే వెంటనే అర్థమవుతుంది.

లోపలి అంచు పోతుంటే ఇంకో పని చెయ్యండి, టేపు తీసుకుని చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా రెండు పక్కలా కొలవండి. ఒక పక్క వేలెడు తక్కువ ఉంటే ఆ పక్క స్ప్రింగ్ కుంగింది. ఎత్తు మారితే కాంబర్, టో రెండూ మారతాయి. డిక్కీలో గ్యాస్ కిట్టు పెట్టించిన పాత బండ్లలో వెనక కుంగి ముందు లేస్తుంది, దాని లెక్క వేరు.

మిషన్ లేకుండా టో ఎంతుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు, సాఫు నేల ఉంటే చాలు. ముందు చక్రం లేపి తిప్పుతూ గాడుల మధ్యలో సుద్దముక్క పట్టి చుట్టూ గీత పెట్టాలి, గీత సన్నగా రావాలంటే సుద్ద పూసిన చోట మేకుతో గీయండి. రెండో చక్రానికీ అట్లాగే. బండిని దించి, పైన నొక్కి ఊపి, స్టీరింగ్ నేరుగా పెట్టి కొంచెం ముందుకి తోయండి, వెనక్కి కాదు, ముందుకే, జాయింట్లు నడిచే పద్ధతిలో కుదురుకోవాలి. అప్పుడు ముందువైపు రెండు గీతల మధ్య దూరం, వెనకవైపు అదే ఎత్తులో దూరం కొలిస్తే తేడా టో. మిషన్ అంత కచ్చితంగా రాదు కానీ 5 మిల్లీమీటర్ల తప్పు మాత్రం దాక్కోలేదు. ఇట్లా ఒకసారి కొలిచి రాసిపెట్టుకుని ఓ వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక మళ్లీ కొలిస్తే, మారిందా లేదా అనేదే ఏదైనా వదులుగా ఉందా లేదా అనేదానికి జవాబు.

వదులు ముక్కలన్నీ మార్చినాక అప్పుడు మిషన్. టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్, ర్యాక్, వీటిలో ఏది మార్చినా అలైన్‌మెంట్ తప్పనిసరి, ఉత్త టైర్లు మార్చినందుకు మాత్రం రూలేమీ లేదు, చూపించుకుంటే మంచిదే. షాపులో పక్కన నిలబడి చూడండి, సిగ్గేముంది, మన బండి. చక్రాలకి బోర్డులు బిగించినాక బండిని ముందుకీ వెనక్కీ కొంచెం దొర్లించాలి, డిస్కు వంకర లెక్కలోంచి తీసేయడానికి అది, ఆ పని ఎగ్గొడితే నంబర్లు నమ్మొద్దు. కాస్టర్ కొలవాలంటే చక్రాలు తిరిగే పళ్లెం మీద ఎడమకీ కుడికీ తిప్పాలి, తిప్పకుండా ప్రింటులో కాస్టర్ నంబర్ వచ్చిందంటే అది కొలిచింది కాదు. స్క్రీన్ మీద ఏ మోడల్ ఎంచుకున్నారో చూడండి, పాత బండి లిస్టులో కనపడకపోతే దగ్గరగా ఉండేది ఏదో నొక్కేస్తారు, అప్పుడు పచ్చ, ఎరుపు రెండూ వేరే బండివి. డిక్కీలో సామాన్లు తీసేసి పోండి, గాలి ముందే సరిచూసుకోండి.

వెనక చక్రాలు కూడా కొలిపించండి. మన చిన్న బండ్లలో వెనక తిప్పడానికి ఏమీ ఉండదని వదిలేస్తారు కానీ కొలిస్తే ఒక సంగతి తెలుస్తుంది: వెనక ఇరుసు ఎప్పుడో దెబ్బ తగిలి కొంచెం వంకరగా ఉంటే బండి దాని వైపు తోసుకుంటా పోతుంది, ముందు చక్రాలు దాన్ని సరిచేసుకుంటా పక్కకి తిరిగి ఉంటాయి, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది. ముందు టో ఎన్నిసార్లు తిప్పినా ఆ ఇరుసు వంకర మారదు. తడి నేల మీద నేరుగా నడిపి టైర్ల ముద్రలు చూస్తే, వెనకవి ముందువాటి మీద పడకుండా ఒక పక్కకి జరిగి ఉంటే ఇదే. ఇట్లాంటి బండి కొనేటప్పుడే వదిలేయడం మంచిది, ఇప్పటికే ఉంటే వెనక ఆర్మ్ బుష్‌లు ముందు చూపించండి, అదృష్టం బాగుంటే అదే అయ్యుంటుంది.

కాంబర్ ఒక పక్క బాగా తేడా చూపిస్తే స్ట్రట్ అయినా, నకిల్ అయినా, స్ట్రట్ టవర్ అయినా వంగుండాలి. నాలుగు వరసల రోడ్డు వచ్చినాక డివైడర్ ఎక్కిన బండ్లు ఎక్కువైపోయాయి. టవర్ జరిగితే అది టింకరింగ్ పని, అలైన్‌మెంట్ షాపు పని కాదు, "అనా, కొంచెం వంచేస్తే సరిపోతుంది" అంటే వినొద్దు.

టో తిప్పేటప్పుడు ముందు స్టీరింగ్ నేరుగా పెట్టి, సీటుకి ఆనించి ఉండే రాడ్‌తో లాక్ చేయాలి, ఆ తర్వాతే రెండు పక్కలా టై రాడ్లు తిప్పాలి. ఒక పక్కే తిప్పి ముగిస్తే స్టీరింగ్ వంకరగా నిలుస్తుంది, అప్పుడు కొంతమంది స్టీరింగ్ వీల్ ఊడదీసి ఒక పన్ను జరిపి పెట్టేస్తారు. చూడడానికి సరిపోతుంది, కానీ ర్యాక్ మధ్యలో ఉండదు, బండి ఒక పక్క ఎక్కువ తిరిగి ఇంకో పక్క తక్కువ తిరుగుతుంది, హెయిర్‌పిన్‌లో రివర్స్ గేరు వేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. సులువుగా కనిపెట్టాలంటే రెండు టై రాడ్ల మీద లాక్ నట్టుకి బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి, కాస్త అటూ ఇటూగా సమానంగా ఉండాలి, ఒక పక్క పదీ ఇంకో పక్క మూడూ ఉంటే ఎవరో అడ్డదారి తొక్కారు.

పని అయినాక బండి కిందకి దించకముందే రెండు సంగతులు చూసుకోండి. లాక్ నట్లు పానాతో బిగించారా, ఎందుకంటే తొందరలో చేత్తో తిప్పి వదిలేసేవాళ్లు ఉన్నారు. ఇంకా ర్యాక్ పక్కన ఉండే ముడతల బూటు చూడండి, టై రాడ్ తిప్పినప్పుడు అది కూడా తిరిగి తువ్వాలు పిండినట్టు మెలిపడుతుంది, క్లిప్పు వదులు చేసి నేరుగా పెట్టి మళ్లీ బిగించమనండి. అది చీలితే మట్టి, నీళ్లు ర్యాక్‌లోకి పోతాయి, టై రాడ్ ఎండ్ అయితే కొన్ని వందలతో పోతుంది గానీ ర్యాక్ అంటే వేలల్లో మాట. మునుపటి ప్రింటు, తర్వాతి ప్రింటు రెండూ అడిగి తీసుకుని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి, ఈసారి టైరు తిన్నప్పుడు మెకానిక్‌తో మాట్లాడటానికి అవి పనికొస్తాయి.